తొట్టి పట్టినన్ని నీళ్లు, కొండ పట్టినంత జనం

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర ఎడమ చేతి వైపు కొండెక్కితే తొట్లకొండ. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లినవాళ్లు స్తూపం దగ్గర ఒక ఫొటో, సముద్రం వైపు తిరిగి ఇంకో ఫొటో దిగి వచ్చేస్తారు. కొండకి ఆ పేరు తెచ్చిన తొట్ల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. రాతిని తొలిచి చేసిన ఇలాంటి తొట్లు తవ్వకాల్లో 11 బయటపడ్డాయి. ఒకదాని అంచున కాసేపు నిలబడితే పనితనం అర్థమవుతుంది. కొండ మీద పడ్డ వాన కిందికి జారిపోకముందే బండ మీదే పట్టుకునే ఏర్పాటు అది. వానలు పోయాక వెళ్తే అడుగున పచ్చటి నీళ్లు, వాటి మీద తేలే ఒకటో రెండో చిప్స్ పాకెట్లు కనిపిస్తాయి.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 3వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉన్నారు. విహారాలు, చైత్యగృహాలు, వంటశాల, భోజనశాల అన్నీ ఉన్నాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి కాబట్టి, ఓడల మీద వచ్చిపోయే వర్తకులకూ ఈ కొండతో సంబంధం ఉండేదనుకోవాలి. ఇంతమందికి చోటిచ్చిన కొండ నెత్తిన వాగు లేదు, చెరువు లేదు. ఉన్నదల్లా తొట్టి పట్టినన్ని నీళ్లు. పైన ఎంతమంది ఉండొచ్చో ఆ తొట్టే తేల్చేది. పక్కనున్న బావికొండకు బావుల మీదుగా పేరొచ్చింది. భీమిలి దగ్గర పావురాలకొండ మీదా రాతి తొట్లే.

ఇప్పుడు విశాఖ పర్యాటకం గురించి ఏ ప్రకటన వచ్చినా లెక్క రెండో కొస నుంచి మొదలవుతుంది. ఎన్ని గదులు, ఎన్ని కోట్ల పెట్టుబడి, ఏడాదికి ఎన్ని లక్షల మంది. ఈ ఊరు ఎంతమందిని మోయగలదన్న లెక్క ముందుగా చెప్పిన ప్రకటన అరుదు. నిపుణులు దాన్ని క్యారీయింగ్ కెపాసిటీ అంటారు. అంత పెద్ద మాట అక్కర్లేదు, తొట్టి కొలత అంటే చాలు. 2024-29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఫ్యాక్టరీ పెడతానని వచ్చినవాణ్ని నీళ్లెక్కడివి, మురుగు ఎక్కడికి వదులుతావు అని అడుగుతారు కదా. హోదాతో పాటు ఆ ప్రశ్నలూ రిసార్టు గుమ్మంలోకి రావాలి.

నీటి సంగతే చూద్దాం. 1902 నాటి ముడసర్లోవతో మొదలైన నగరం దాహం, తర్వాత మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడల దాకా వెళ్లింది. ఇవన్నీ చాలక దాదాపు 150 కిలోమీటర్ల కాలువ మీదుగా ఏలేరు నీళ్లు తెచ్చుకుంటోంది. 2011 జనాభా లెక్కల నాటికే విశాఖ జనం 17 లక్షలు దాటారు. ఎండాకాలంలో కొండవాలు కాలనీల్లో బిందెల వరుసలు, ట్యాంకర్ కోసం ఎదురుచూపులు మామూలే. అదే ఎండాకాలంలో, సెలవుల్లో, బీచ్ రోడ్డు హోటళ్లు కిటకిటలాడతాయి. హోటల్ గదిలో ఒక మనిషి రోజుకి వాడే నీళ్లు ఆ కాలనీలో ఇంటిల్లిపాదీ వాడేదానికి తక్కువేం ఉండవు. చాలని నీటికి బోరు వేస్తే తీరంలో ఇంకో చిక్కు. మంచినీళ్లు తోడినకొద్దీ ఆ ఖాళీలోకి ఉప్పునీరు వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తీపెక్కడం అంత తేలిక కాదు. ఆ నష్టం హోటల్‌తో పాటు పక్కనున్న జాలారిపేట బావికీ తగులుతుంది. కాబట్టి పాలసీలో మొదటి షరతు గదికి రాయితీ ఎంత అన్నది కాకూడదు. వాన నీళ్లు ఎన్ని పట్టావు, వాడిన నీళ్లు ఎన్ని శుద్ధి చేసి తోటకీ ఫ్లష్‌కీ మళ్లించావు అన్నది కావాలి. వీటిని ఏటా తనిఖీ చేసి, తేలిన లెక్క చూసి రాయితీ విడుదల చెయ్యొచ్చు.

ఇక ఇసుక. ఆర్కే బీచ్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇసుకను శాశ్వతం అనుకుంటారు. నిజానికి తూర్పు తీరం ఇసుకకు కాళ్లుంటాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవు కట్టేటప్పుడే ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. 1933లో రేవు మొదలైన ఆ కాలంలోనే రెండు పాత ఓడలను ముంచి ఇసుకకు అడ్డు పెట్టారు. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు వచ్చాక ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుక ఇంకా ఎక్కువగా ఆగిపోయింది. అందుకే అక్కడ డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా బీచ్‌కి పోస్తుంటారు. అంటే ఆర్కే బీచ్ ఇవాళ సగం ప్రకృతి, సగం మెయింటెనెన్స్. సముద్రం రోడ్డు అంచుదాకా వచ్చి కొబ్బరి చెట్లను కూల్చిన రోజులు ఊళ్లో అందరూ చూశారు. అలాంటి చోట కొత్త ఆకర్షణ పెట్టేముందు సముద్రాన్ని ఒక మాట అడగాలి. 2024 ఫిబ్రవరిలో తేలే వంతెన ఒకటి ఆర్భాటంగా మొదలైంది. మర్నాడే దాని కొస విడిపోయి విడిగా తేలుతూ కనిపించింది. అది ప్రమాదం కాదు, పరీక్ష కోసం విడదీశామని అధికారులు వివరణ ఇచ్చారు. ఊరు మాత్రం నవ్వుకుంది.

రుషికొండది ఇంకో కథ. ఆ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. నీటి శుభ్రత, భద్రత, నిర్వహణ, పర్యావరణ అవగాహన వంటి 33 అంశాల్లో నెగ్గితేనే ఇచ్చే జెండా అది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదులతో దాన్ని తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు. చెత్త, కుక్కలు, పని చెయ్యని సదుపాయాలు. హడావుడిగా సరిచేశాక జెండా తిరిగొచ్చింది. ఈ కథలో కోట్ల ప్రాజెక్టు ఏదీ లేదు. రోజూ ఊడ్చేవాళ్లు, మరుగుదొడ్డి కుళాయి బాగుచేసేవాళ్లు, వాళ్లకు నెల జీతం సమయానికి ఇచ్చేవాళ్లు ఉంటే నిలిచే జెండా, లేకపోయేసరికి దిగింది. మన బడ్జెట్లలో కట్టడానికి పద్దు ఉంటుంది, ఊడవడానికి ఉండదు. శంకుస్థాపన ఫొటో వస్తుంది గానీ చీపురు ఫొటో రాదు మరి.

ఆ బీచ్ నెత్తి మీదున్న కొండ సంగతి దేశమంతటికీ తెలుసు. పాత హరిత రిసార్టును తీసేసి, కొండను చెక్కి, వందల కోట్లతో కొత్త భవనాలు కట్టారు. అనుమతించినదానికంటే ఎక్కువ తవ్వారన్న ఫిర్యాదు హైకోర్టుకు వెళ్లింది. కేంద్ర పర్యావరణ శాఖ వేసిన కమిటీ కొండెక్కి కొలతలు తీసింది. 2024 జూన్‌లో తలుపులు తెరిచి చూపిస్తే జనం అందులోని ఖరీదైన స్నానాల గదుల గురించి నెలల తరబడి మాట్లాడుకున్నారు. చెక్కేసిన కొండ వాలు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఏ పార్టీ కట్టింది, ఇప్పుడు ఎవరికివ్వాలి అన్న గొడవలో అసలు ప్రశ్న పక్కకు పోయింది. తీరం అంచున నిలువుగా ఉన్న కొండ మీద అంత కట్టడం ఏ ప్రభుత్వంలోనైనా ఎందుకు సాధ్యపడాలి?

కొండ మీద కట్టడం ఎంత కష్టమో తొట్లకొండే ఒకసారి చూపించింది. ఆ స్థలాన్ని నౌకాదళం 1970ల్లో ఏరియల్ సర్వే చేస్తున్నప్పుడు గుర్తించారు. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శిథిలమైన మహాస్తూపాన్ని తర్వాత పునర్నిర్మిస్తే, 2019 అక్టోబర్ వానలకు అందులో కొంత భాగం కూలిపోయింది. తవ్వి తీసినదాన్ని వానకీ గాలికీ వదిలేసే ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడాలి. ఇది మేస్త్రీ పని, మార్కెటింగ్ పని కాదు. శాలిహుండం, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపులను కలుపుతూ కేంద్రం బౌద్ధ సర్క్యూట్‌కు నిధులిచ్చినప్పుడు కూడా దారులు, పార్కింగ్, సమాచార కేంద్రాల మాటే ఎక్కువగా వినిపించింది. ఇవి కావాలి, సందేహం లేదు. అయితే స్తూపం ఇటుక కింద నీరు నిలుస్తుంటే పైన ఎల్ఈడీ లైటు దేనికి?

ఎర్రమట్టి దిబ్బలు

ఈ ఊరికి ఉన్న వారసత్వంలో అన్నింటికంటే తేలిగ్గా చెరిగిపోయేది భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, వాన, పెరుగుతూ తగ్గుతూ వచ్చిన సముద్రమట్టం కలిసి పేర్చిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబడి, వాగులు కోసిన లోయలతో నిలబడి ఉంది. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప కనిపించవు. జియలాజికల్ సర్వే 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబర్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది.

దగ్గరగా చూస్తే దిబ్బ అంచు గట్టి మట్టి గోడలా ఉంటుంది. చేత్తో తడితే పొడి రాలుతుంది. ఆ అంచున కూర్చుని కాళ్లు వేలాడేసి సెల్ఫీ తీసుకుంటే ఓ పిడికెడు పొడి కిందికి పోతుంది. ఒక్కరికైతే లెక్కలోకి రాదు. ఆదివారం వచ్చే గుంపుల లెక్క వేరు, సినిమా షూటింగుల జనరేటర్ బళ్ల లెక్క వేరు. వీటన్నిటినీ మించినది 2024 జూలైలో జరిగింది. దిబ్బల్లో ఇళ్ల స్థలాల కోసం యంత్రాలు దింపి చదును చేస్తుంటే, వీడియోలు బయటికొచ్చి గొడవయ్యాక ఆపారు. భూవారసత్వం అని బోర్డు పెట్టిన పదేళ్లకు జరిగిన పని ఇది. మన దేశంలో ఇలాంటి గుర్తింపుకు కట్టడాల చట్టానికున్నంత కాటు లేదు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు అనుమతితోనే. బొజ్జన్నకొండకూ భీమిలి డచ్చి సమాధులకూ ఆ గొడుగు ఉంది. దిబ్బలకు అలాంటిది లేక రెవెన్యూ సర్వే నంబర్ల దయ మీద బతుకుతున్నాయి.

యునెస్కో తుది జాబితాలోకి వెళ్లాలంటే ఎలాగూ చుట్టూ బఫర్ జోన్, అంటే రక్షణ వలయం, గీసి చూపించాలి. ఆ గీత ఇప్పుడే గీసేస్తే పోయేదేముంది? లోపల నడిచే దారి ఒక్కటే ఉండాలి, అదీ చెక్కతో, నేలకు కాస్త ఎత్తులో. మిగతాది చూడ్డానికే. వాన నీటిని ఇంకించుకునే ఇసుక మేట కనక చుట్టుపక్కల పల్లెల భూగర్భ జలానికీ అది ఆసరా. సెల్ఫీ పాయింట్ కంటే ఆ పని పెద్దది.

జనం వచ్చే రోజు

పర్యాటకులంటే విమానం దిగి వచ్చేవాళ్లే అనుకుంటే విశాఖ సగమే కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిచే గిరి ప్రదక్షిణ జనం లక్షల్లో ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుంచి వస్తారు. అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, తడి బట్టలతోనే నడక సాగిస్తారు. దారి పొడవునా వీధుల వాళ్లు మజ్జిగ, పులిహోర, పళ్లు పంచుతారు. హోటల్ బుకింగ్ లేదు, టూర్ ప్యాకేజీ లేదు. రాత్రికి రాత్రి ఒక కొత్త ఊరు లేచి, తెల్లారేసరికి సర్దుకుపోతుంది. ప్రదక్షిణ తెల్లవారి ఆ దారిన వెళ్తే కాగితం గ్లాసులు, ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ల పాకెట్లు పరుచుకుని ఉంటాయి. మున్సిపల్ కార్మికులు రాత్రంతా తీస్తూనే ఉంటారు.

విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించింది. అది షాపు మీద దాడిగా, జరిమానాగా అమలవుతుంది గానీ ప్రదక్షిణ దారిలో భక్తితో పంచే చేతిని ఎవరు ఆపుతారు? ఆపక్కర్లేదు. పంచేవాళ్లకు ముందుగా పర్మిషన్ ఇచ్చేటప్పుడే విస్తరాకులూ ఆకు దొప్పలూ సరఫరా చేసి, ఎవరి స్టాల్ ముందు చెత్త వాళ్లదే అని రాయించుకుంటే సరిపోతుంది. కార్తీక వనభోజనాలు ఈ ఊరికి కొత్త కాదు. ఉసిరి చెట్టు కింద ఆకులో తిని, ఆ ఆకు ఆవుకి వేసి ఇంటికొచ్చిన అలవాటు మన ముందు తరానిదే. థర్మాకోల్ ప్లేటు మధ్యలో వచ్చింది, మధ్యలోనే పంపించొచ్చు. ఆకులు కుట్టే పని మన్యం మహిళలకు చేతికి నాలుగు డబ్బులు కూడా.

జనం వచ్చే తేదీ పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. అయినా పనులు ఆఖరి వారంలో మొదలవుతాయి. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం రోజు తెల్లవారుజామున, వానలో, ఉత్సవం కోసం హడావుడిగా లేపిన గోడ క్యూ మీద కూలి ఏడుగురు చనిపోయారు. పర్యావరణం, భద్రత వేర్వేరు ఫైళ్లు అనుకుంటాం. కొండ మీద వాన నీరు ఎటు పోతుందో చూడకుండా కట్టిన గోడ దగ్గర రెండూ ఒకటే ఫైలు.

వన్‌టౌన్

పాత ఊరిది ఎవరూ పెద్దగా పట్టించుకోని వారసత్వం. రేవు కాలువకు ఎదురుగా మూడు గుట్టలు, వాటి మీద రాస్ హిల్ చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. కింద టౌన్‌హాల్, కురుపాం మార్కెట్, బంగారం కొట్లు, పెంకుటిళ్లు. డాబాల మీద రేవు నుంచి వచ్చి పడే బొగ్గు పొడి ఇక్కడివాళ్ల దశాబ్దాల ఫిర్యాదు. 2023లో దగ్గర్లోనే క్రూజ్ టెర్మినల్ మొదలైంది. దాదాపు 2,000 మంది ప్రయాణికులకు సరిపోతుంది. ఓడ దిగినవాళ్లు బస్సులెక్కి కైలాసగిరికో అరకుకో పోతారు. గోడ అవతలున్న ఊరు వాళ్లకు కనిపించదు.

వాళ్లను ఈ సందుల్లో నడిపించాలన్న ఆలోచన మంచిదే. ఒకేసారి రెండు వేల మంది దిగితే మాత్రం ఆటో పట్టే సందులో ఆటో కూడా పట్టదు. ఇరవై మంది జట్టు, స్థానిక గైడు, నడక మాత్రమే అన్న పద్ధతిలో మొదలుపెడితే టిఫిన్ కొట్లకూ, టీ బడ్డీలకూ గిరాకీ వస్తుంది, ఇళ్లవాళ్లకు చిరాకు రాదు. పాత ఇళ్లు నిలవడమే పెద్ద సమస్య. అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లు బిల్డర్‌కి పోవడం అన్నింటికంటే తేలిక. రోడ్డు వెడల్పుకి స్థలం ఇచ్చినవాళ్లకి టీడీఆర్ బాండ్లు (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు) ఇస్తున్నట్టే, వందేళ్ల ఇంటిని కూల్చకుండా ఉంచినవాళ్లకీ ఇవ్వొచ్చు. ముఖద్వారం మీద శిలాఫలకం ఒక్కటి పెడితే పన్ను కట్టే ఓనర్‌కి కడుపు నిండదు.

బళ్ల సంగతి చెప్పాలంటే దారి కొంత దొరికినట్టే ఉంది. 2025 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్, తొట్లకొండల మధ్య ఎక్కి దిగే ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు తిరుగుతున్నాయి. ఒక్క టికెట్‌తో రోజంతా ఎక్కొచ్చు, దిగొచ్చు. దీన్ని పక్కనున్న కార్లకు అదనంగా నడిపితే ఇంకో ఆకర్షణ అంతే. కార్లకు బదులుగా నడిపితే పాలసీ. అజంతాలో సొంత బళ్లను కింద ఆపి, బస్సుల్లోనే గుహల దగ్గరకు తీసుకెళ్లే పద్ధతి ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీకి ఈ-పాస్ వచ్చింది. మరుసటి ఏడాది సీజన్లో రోజుకు 6,000, శని ఆదివారాల్లో 8,000 బళ్లు అని పరిమితి పెట్టారు. వ్యాపారులు గోల చేశారు, ఊటీ మూతపడలేదు. తొట్లకొండ ఘాట్ రోడ్డుకి ఇంత కోర్టు తతంగం కూడా అక్కర్లేదు. కింద పార్కింగ్, పైకి బస్సు, టికెట్ డబ్బుల్లో సగం ఆ కొండ ఖాతాకే. ఇప్పుడు ఎక్కడ వసూలైన డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో తొట్టి పక్కన నిలబడ్డ వాచ్‌మన్‌కి తెలియదు.

వీటన్నిటికీ అభ్యంతరం ఒకటుంది. పరిమితులు పెడితే ఉపాధి పోతుందని. బీచ్‌లో మురీ మిక్స్చర్ కాగితం పొట్లంలో చుట్టి ఇచ్చేవాళ్లు, మొక్కజొన్న కాల్చేవాళ్లు, తెప్పల మీద వేటకెళ్లే జాలర్లు నిజంగానే జనం మీద, తీరం మీద బతుకుతారు. కాకపోతే ఇంతవరకు వాళ్లను లేపింది పరిమితులు కాదు, సుందరీకరణ. ప్రముఖులెవరైనా వస్తున్నారంటే ముందు మాయమయ్యేది తోపుడుబండి. చెత్త లెక్కలో పొట్లం కాగితం కంటే స్టార్ హోటల్ బ్యాంక్వెట్ పెద్దదని ఒప్పుకుంటే, షరతులు ముందు ఎవరికి పెట్టాలో తేలిపోతుంది.

అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండకు కనుమ నాడు చుట్టుపక్కల పల్లెల జనం తీర్థంలా వస్తారు. 1906-07లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన బౌద్ధ క్షేత్రం అది. అక్కడి ఒక రాతి ఆకారం రాక్షసుడిదని నమ్మి, దాని మీద రాళ్లు రువ్వడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. కంచె వేసి జనాన్ని రానివ్వకపోతే పోయే అలవాటు కాదది. వారసత్వ సంఘాలవాళ్లు, బౌద్ధ సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి అదేమిటో వివరిస్తూ వచ్చారు, పండగ రోజు కాపలా కూడా పెట్టారు. రాళ్లు ఆగాయి. కనుమ నాడు జనం మాత్రం ఇప్పటికీ పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఆ మెట్లెక్కుతూనే ఉన్నారు.